నిరోగి సాక్ష్యం

నల్లగొండ పేరు వినగానే చదువరులకు స్ఫురించే విషయాలు రెండు. మొదటిది సాయుధ రైతాంగ పోరాటం. రెండవది ఫ్లోరైడు నీరు. పోరాటాన్ని గూర్చి గ్రంథాలు వెలువడినవి, పాటలు పుట్టినవి. నీటిని గూర్చి ఎక్కువగా వెలువడినవి ఛాయాచిత్రాలు. వంగిన వెన్నులు, బిగుసుకొన్న కీళ్లు, మోకాళ్లు ఒరసుకొని మడమలు ఎడమైన బాలుర కాళ్లు పత్రికల పుటలలో కనిపించినవి. ఆ చిత్రాలు సత్యాలే. పాలకుల దృష్టిని ఈ మెట్టప్రాంతం వైపు మరల్చడానికి అవి తోడ్పడినవి. అయితే ఆ చిత్రాలలో ఎన్నడూ కనిపించని మనిషి ఒకడున్నాడు. అతడు రోగి పొరుగింటివాడు. అదే బావి నీరు త్రాగి, అదే ఎండలో పనిచేసి, నిటారుగా నడుస్తున్నవాడు. అతని చిత్రాన్ని ఎవరు తీస్తారు? అతనిని ఎవరు ప్రశ్నిస్తారు?

రోగకారణాన్ని వెదికే శాస్త్రానికి రోగి సాక్ష్యం ఎంత ముఖ్యమో, నిరోగి సాక్ష్యమూ అంతే ముఖ్యమని ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట. వ్యాధివ్యాప్తి శాస్త్రంలో, అనగా ఎపిడెమియాలజీలో, ఈ భావానికి కేస్–కంట్రోల్ అధ్యయనమని పేరు. తెలుగులో దానిని రోగి–నిరోగి తులన అనవచ్చును. ఇది వైద్య విద్యార్థులకు మాత్రమే పరిమితమైన విద్య అని మన కళాశాలలలో ఒక అభిప్రాయం ఉన్నది. నల్లగొండ, మహబూబునగరం జిల్లాలలో చదివే ప్రతి విద్యార్థికీ, అతడు చరిత్ర చదివినా వాణిజ్యం చదివినా, ఈ తులన తెలిసియుండవలెనని నా విశ్వాసం. అందుకు కారణాలను వరుసగా మనవి చేస్తాను.

కాకి తాటిచెట్టుపై వాలినది, తాటిపండు పడినది. కాకి వాలినందువల్లనే పండు పడినదా? ఈ ప్రశ్నను మన పెద్దలు కాకతాళీయ న్యాయమని పేరుపెట్టి మనకు అందించినారు. తాటివనాలు నిండిన ఈ సీమలో ఆ న్యాయం అర్థం కానివారు ఉండరు. కాకతాళీయం నుండి తప్పించుకొనడానికి తార్కికులు చూపిన మార్గం అన్వయ వ్యతిరేకాలు. కారణం ఉన్నచోట కార్యం ఉండడం అన్వయం. కారణం లేనిచోట కార్యం లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కలిసినప్పుడే కారణమనే మాటకు బలం చేకూరుతుంది. ఇస్లామీయ ధర్మశాస్త్ర మీమాంసలోనూ ఇదే ఆలోచన తర్ద్, అక్స్ అనే పేర్లతో కానవస్తుంది. ఒక లక్షణం ఉన్నప్పుడు విధి వర్తించి, అది లేనప్పుడు వర్తించకపోతే, ఆ లక్షణమే విధికి హేతువు కావచ్చునని వారు తర్కించినారు. రోగులను మాత్రమే చూచి కారణం నిర్ణయించేవాడు అన్వయాన్ని చూచి వ్యతిరేకాన్ని విడిచినవాడు. అతని విద్య సగంలో ఆగిపోయినది.

వైద్యంలో ఈ సంగతిని చాలాకాలం క్రిందటనే గుర్తించినవారిలో అర్-రాజీ ఒకడు. క్రీ.శ. 9, 10 శతాబ్దాలలో రయ్, బాగ్దాదు నగరాల వైద్యశాలలలో పనిచేసిన ఆ మహావైద్యుడు, మెదడు జ్వరపు లక్షణాలు కనిపించిన రోగులలో కొందరికి రక్తమోక్షణం చేసి, మరికొందరిని పోలిక కొరకై ఉద్దేశపూర్వకంగా అట్లే విడిచినట్లు తన 'అల్-హావీ'లో వ్రాసినాడు. ఆ మహాగ్రంథాన్ని 1955లో ఆరంభించి అనేక సంపుటాలుగా ముద్రించిన సంస్థ మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. రక్తమోక్షణం మేలు చేసినదని రాజీ భావించినాడు. నేటి వైద్యం దానిని అంగీకరించదు. ఇందులో మనకు రెండు పాఠాలున్నవి. పోలిక కావలెనని తోచడం గొప్ప మెట్టు. ఎవరిని ఎవరితో పోల్చవలెనో నిర్ణయించడం అంతకంటె కష్టమైన మెట్టు.

ఆధునిక కాలంలో ఈ రెండవ మెట్టును ఎక్కినవారి కథ సంక్షిప్తంగా చెబుతాను. 1926లో ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ అనే వైద్యురాలు రొమ్ము క్యాన్సరు సోకిన 500 మంది స్త్రీలను, సోకని 500 మంది స్త్రీలను ఒకే విధమైన ప్రశ్నలడిగి పోల్చింది. పద్ధతి స్పష్టంగా రూపుదాల్చినది అక్కడ. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు లండనులోని 20 ఆసుపత్రుల నుండి ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులు 709 మందిని, ఇతర వ్యాధులతో చేరినవారు 709 మందిని తీసికొని, పొగత్రాగే అలవాటును గూర్చి విచారించినారు. పురుషులలో రోగులు 649 మంది. వారిలో పొగ త్రాగనివారు ఇద్దరే. పోలిక కొరకు తీసికొన్న 649 మంది పురుషులలో త్రాగనివారు 27 మంది.

ఈ అంకెలను కొంత నిదానించి చూడవలెను. పోలిక వర్గంలోనూ 622 మంది పొగ త్రాగేవారే. రోగులను మాత్రమే చూచియుంటే ఏమనుకొనేవారము? "రోగులలో ఇంచుమించు అందరూ పొగ త్రాగినారు, కనుక పొగయే కారణము" అనియుండేవారము. ప్రతివాది లేచి, "ఆ దేశంలో పురుషులందరూ త్రాగుతూనే ఉన్నారు గదా, ఇందులో విశేషమేమి?" అని అడిగితే జవాబుండేది కాదు. పోలిక వర్గం ఉన్నందువల్ల జవాబు దొరికినది. రోగులలో త్రాగినవారికి, త్రాగనివారికి ఉన్న నిష్పత్తి 647కు 2. నిరోగులలో అదే నిష్పత్తి 622కు 27. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే సుమారు 14 వస్తుంది. దీనినే ఆడ్స్ నిష్పత్తి అంటారు. అది 1 అయితే ఆ అలవాటుకు, రోగానికి సంబంధం కానరాలేదని అర్థం. 1కంటె ఎంత పెరిగితే అనుమానం అంత బలపడినట్లు. వ్యాధి జనాభాలో అరుదైనదైనప్పుడు ఈ నిష్పత్తి, ఆ అలవాటు వల్ల ప్రమాదం ఎన్ని రెట్లు పెరుగుతుందో ఇంచుమించుగా తెలుపుతుందని 1951లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు నిరూపించినాడు.

ఈ పద్ధతిలోని సౌలభ్యం గమనింపదగినది. ఆరోగ్యవంతులను వేలసంఖ్యలో ఎంచుకొని, ఎవరికి రోగం వస్తుందో అని 20 సంవత్సరాలు కాచుకొని కూర్చొనే శక్తి ధనిక దేశాలకే కష్టం. ఈ పద్ధతి కాలాన్ని వెనుకకు నడుపుతుంది. రోగం వచ్చినవారి వద్దనుండి గతంలోకి వెళ్లి కారణాన్ని వెదుకుతుంది. అరుదైన రోగాలకు కొద్దిమందితోనే జవాబు చెప్పగలదు. 1971లో అమెరికాలో ఆర్థర్ హర్‌బ్‌స్ట్, అతని సహచరులు, యువతులలో కనిపించిన ఒక అరుదైన యోని క్యాన్సరును పరిశీలించినారు. రోగులు 8 మంది, పోలిక వర్గం 32 మంది. గర్భకాలంలో స్టిల్‌బెస్ట్రాల్ అనే మందు వాడిన తల్లులు రోగుల తల్లులలో ఏడుగురు. పోలిక వర్గపు తల్లులలో ఒక్కరూ లేరు. 40 మందితో ఒక మందు గుట్టు బయటపడినది. ధనం తక్కువ, దుఃఖం ఎక్కువ ఉన్న మనవంటి ప్రాంతాలకు ఇంతకంటె తగిన పద్ధతి ఏమున్నది?

ఇక మన నేలకు వద్దాము. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదటగా శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినది నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు గ్రామాల నీరే. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి ఎ.హెచ్. సిద్దీఖీ వ్రాసిన విపులమైన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురింపబడినది. ఈ సీమలోని గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలోకి కరుగుతుంది. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరు నీరు దొరకని పక్షంలో 1.5 వరకు సహింపవచ్చునని నేటి భారతీయ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల బావులలో, బోర్లలో ఆ హద్దు ఎన్నోమార్లు దాటినది. ఫ్లోరైడు పండ్లను మచ్చలు చేస్తుందనీ, ఎముకలను, వెన్నును బిగించివేస్తుందనీ అప్పటికే తెలిసిన సంగతి.

1973లో కథ మలుపు తిరిగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక క్రొత్త వికృతిని వర్ణించినారు. అది ముదుసలులలో కనిపించే వెన్ను బిగుసుకొనుట కాదు. యువకులలో, బాలురలో మోకాళ్లు లోపలికి వంగి, కాళ్ల ఎముకలు పలుచబడే వ్యాధి. దానికి జెనూ వాల్గమ్ అని పేరు. ఫ్లోరైడు నీరు తరాలుగా ఉన్నదే గదా. ఈ వికృతి ఇప్పుడెందుకు? నీరు అందరిదీ ఒకటే గదా; ఈ బాలునికే ఎందుకు? ఈ రెండు ప్రశ్నలలో మొదటిది కాలాన్ని పోల్చుమంటుంది. రెండవది మనిషిని మనిషితో పోల్చుమంటుంది.

ఆ పరిశోధకుల దృష్టి జొన్న మీదికి మళ్లినది. వరి తినేవారికంటె జొన్న తినేవారి శరీరంలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తున్నదని 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య మనుష్యులపై జరిపిన ఆహార పరీక్షలో తేలినది. వ్యాధి ఉన్న గ్రామాల ధాన్యంలో మాలిబ్డినం, రాగి, జింకు లోహాల పాళ్లను అదే సంస్థవారు కొలిచినారు. నాగార్జునసాగరం నిండిన తరువాత భూగర్భజల మట్టం పెరిగి, నేలలో క్షారగుణం హెచ్చి, జొన్నగింజలో మాలిబ్డినం అధికమై, దానివల్ల శరీరంలో రాగి లోపించి ఎముక బలహీనపడుతున్నదా అనే అనుమానం కూడా ఆ కాలంలో బయలుదేరినది. 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీరు విడుదలైన ఆ ప్రాజెక్టును ఆధునిక దేవాలయమని కొనియాడిన దేశానికి ఇది మ్రింగుడుపడని ప్రశ్న. అది ఆలోచింపదగిన ఊహ మాత్రమే; తీర్పుగా గ్రహించరాదు. ఈ పరిశోధనలన్నీ పాఠ్యగ్రంథాలలోని రోగి–నిరోగి తులనలే అని నేననబోను. వానిని నడిపిన ప్రశ్న మాత్రం అదే: ఒకే నీరు త్రాగినవారిలో రోగికి, నిరోగికి ఉన్న భేదమేమి?

ఇప్పుడు ఒక విద్యార్థి కాగితం, కలం పట్టుకొని ఆ గ్రామానికి వెళ్లినాడనుకొందాము. రోగులు కళ్లముందున్నారు. నిరోగులను ఎక్కడినుండి తేవలెను? రోగి ఇంటిప్రక్కన ఉన్నవాడినే తీసికొంటే ఇద్దరిదీ ఒకే బావి. అప్పుడు నీటిని గూర్చి ఆ తులన ఏమీ చెప్పలేదు. రోగికీ నిరోగికీ నీరు సమానమే గనుక లెక్కలో నీరు నిర్దోషిగా బయటపడుతుంది. ఆహారాన్ని గూర్చి మాత్రం ఆ తులన చక్కగా మాట్లాడగలదు. కాలువనీరు త్రాగే దూరపు గ్రామం నుండి నిరోగిని తెస్తే నీటి సంగతి తెలుస్తుంది గాని, ఆ గ్రామంలో వరి పండుతుంది, కూలి ఎక్కువ దొరుకుతుంది, పాలు ఉంటాయి. ఏది కారణమో తేల్చడం దుష్కరమవుతుంది. పోలిక వర్గాన్ని ఎంచుకొన్ననాడే మన అధ్యయనం ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, ఏ ప్రశ్నకు మూగదవుతుందో నిర్ణయమైపోతుంది. అంకెలు తరువాత వచ్చేవి.

ఆసుపత్రిలో చేరిన ఇతర రోగులను నిరోగుల స్థానంలో నిలబెట్టితే మరొక చిక్కు. కీళ్లనొప్పులతో వచ్చినవారిని పోలిక వర్గంలో చేర్చితే వారిలో సగంమందికి గుర్తింపబడని ఫ్లోరోసిస్ ఉండవచ్చును. 1981లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కాఫీకి, క్లోమపు క్యాన్సరుకు సంబంధం ఉన్నదని ప్రకటించినారు. లోకమంతా కలవరపడినది. పోలిక వర్గంలోని వారిలో చాలామంది జీర్ణకోశ వ్యాధులతో అదే వైద్యుల వద్దకు వచ్చినవారనీ, కడుపు బాధ వల్ల వారు ముందే కాఫీ తగ్గించుకొన్నారనీ విమర్శకులు ఎత్తిచూపినారు. పోలిక వర్గంలో కాఫీ తగ్గింది గనుక రోగులలో కాఫీ పెరిగినట్లు కనిపించినది. గొప్ప విశ్వవిద్యాలయమైనా ఈ గుంటలో కాలు పెట్టవచ్చునని ఆ ఉదంతం హెచ్చరిస్తున్నది.

మహబూబునగరం విద్యార్థులకు దీనికి తోడు మరొక మెలకువ కావలెను. పాలమూరు కూలీలు తరాలుగా దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, భవనాలు నిలబెట్టినవారు. వేసవిలో గ్రామానికి వెళ్లి నిరోగులను ఎంచితే, కాళ్లలో సత్తువ ఉన్నవారు వలసపోయి ఉంటారు. మిగిలినవారు వృద్ధులు, పిల్లలు, నడవలేనివారు. గ్రామంలో చిక్కినవారితో చేసిన పోలిక గ్రామపు సత్యం కాజాలదు. పైగా వలసపోయినవాడు సంవత్సరంలో ఆరునెలలు వేరొక జిల్లా నీరు త్రాగినాడు. "నీవు త్రాగేది ఏ నీరు?" అన్న ప్రశ్నకు అతని జవాబు ఒక జీవితకథ. దానిని ఒక గడిలో ఒక గుర్తుతో నింపేవాడు ఆ కథను పోగొట్టినవాడవుతాడు.

కారణం వెనుక దాగిన కారణాన్ని గూర్చి ఒక చిన్న లెక్క చెబుతాను. ఇది కేవలం ఊహించిన లెక్క. ఏ గ్రామానికీ చెందినది కాదు. రోగులు 100 మంది, నిరోగులు 100 మంది అనుకొందాము. రోగులలో జొన్న తినేవారు 80 మంది, వరి తినేవారు 20 మంది. నిరోగులలో జొన్న 60, వరి 40. 80ని 40తో హెచ్చించి, దానిని 20, 60ల లబ్ధంతో భాగిస్తే సుమారు 2.7 వస్తుంది. జొన్న దోషి అని తొందరపడేవాడు ఇక్కడనే కలం మూసివేస్తాడు. ఓపిక ఉన్నవాడు అదే 200 మందిని నీటిని బట్టి రెండుగా విడదీస్తాడు. ఫ్లోరైడు బోరునీరు త్రాగేవారిలో రోగులు 90 మంది: జొన్న 78, వరి 12. నిరోగులు 60 మంది: జొన్న 52, వరి 8. నిష్పత్తి సరిగా 1. మంచినీరు త్రాగేవారిలో రోగులు 10 మంది: జొన్న 2, వరి 8. నిరోగులు 40 మంది: జొన్న 8, వరి 32. ఇక్కడనూ సరిగా 1. రెండు గుంపులలోనూ జొన్న నిర్దోషి. కలిపి చూచినప్పుడు దోషి. బోరునీరు త్రాగే పేదవాడే జొన్నరొట్టె తినేవాడు కావడం ఈ ఊహాలెక్కలోని గుట్టు.

అందుచేతనే పోషకాహార సంస్థవారు జనుల ఆహారాన్ని లెక్కించడంతో ఆగక, తిన్న ఫ్లోరైడు ఎంత, విసర్జించిన ఫ్లోరైడు ఎంత అని కొలిచి చూడవలసివచ్చినది. తులన అనుమానాన్ని పుట్టిస్తుంది. ప్రయోగం దానిని పరీక్షిస్తుంది. జొన్న ఈ సీమ పేదల అన్నం. గటక త్రాగి, రొట్టె తిని బ్రతికినవారి కంచంపై అపవాదు వేసేముందు ఎన్ని జాగ్రత్తలు పడవలెనో ఈ లెక్క చెబుతున్నది. చౌకబియ్యం వచ్చిన తరువాత జొన్న తినేవారు తగ్గినారు. ఆ మార్పు కూడా లెక్కలోనికి రావలసినదే.

జ్ఞాపకం మరొక బలహీనమైన సాక్షి. కాళ్లు వంగిన బాలుని తల్లి రాత్రింబవళ్లు ఆలోచించి, ఎప్పుడు ఏ బావి నీరు పోసిందో, ఏమి తినిపించిందో గుర్తు చేసికొంటుంది. ఆరోగ్యవంతుని తల్లికి ఆ అవసరం లేదు, ఆమె మరచిపోతుంది. ఇద్దరూ సత్యమే పలికినా, లెక్కలో అసత్యం చేరుతుంది. అదృష్టవశాత్తు మన వ్యాధి విషయంలో జ్ఞాపకంపై ఆధారపడని సాక్షి ఒకటున్నది. అది పిల్లల పన్ను. శాశ్వతంగా వచ్చే ముందుపండ్ల పింగాణీ పుట్టినది మొదలు నాలుగైదేండ్ల లోపల ఏర్పడుతుంది. ఆ పండ్లు ఆరేడేండ్లకు చిగుళ్లలో పొడసూపుతాయి. పసితనంలో ఆ బిడ్డ త్రాగిన నీటి సంగతి ఆ పింగాణీపై వ్రాయబడి ఉంటుంది. తరువాత నీరు మారినా ఆ వ్రాత చెరగదు. తల్లి మరచినా పన్ను మరవదు.

ఒక హెచ్చరిక. ఆడ్స్ నిష్పత్తి ప్రమాదాన్ని ఇంచుమించుగా తెలిపేది వ్యాధి అరుదైనదైనప్పుడని చెప్పియున్నాను. సగంమంది పిల్లల పండ్లు మచ్చలు పడిన గ్రామంలో ఆ వ్యాధి అరుదైనది కాదు. అక్కడ ఆ నిష్పత్తిని ప్రమాదంగా పొరబడి చదివితే, ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెప్పినట్లవుతుంది. అటువంటిచోట ఊరిలోని పిల్లలందరినీ లెక్కించడమే మేలు. పద్ధతి ఎంత గొప్పదైనా దాని హద్దు తెలిసినవానికే అది ఉపకరిస్తుంది.

ఇంతకూ ఈ లెక్కలన్నీ ఎందుకని పెద్దలు అడుగవచ్చును. "ప్రజలకు కావలసినది నీరు, మీ పట్టికలు కావు" అనవచ్చును. ఆ మాటలో ధర్మం ఉన్నది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచి, దేశం దృష్టిని ఈ నీటివైపు త్రిప్పినారు. వారు శాస్త్రజ్ఞులు కారు, బాధ తెలిసినవారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తొలగించే విధానానికి మన జిల్లా పేరే పెట్టి, నల్లగొండ టెక్నిక్ అని 1970లలో లోకానికి అందించినారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ భగీరథను ప్రారంభించి కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి ఇండ్లకు గొట్టాల ద్వారా పంపే పని చేపట్టినది. నీరు ముందు, లెక్క తరువాత అన్న మాట నాకూ సమ్మతమే.

అయితే నీరు వచ్చిన తరువాతనే లెక్క మరింత అవసరం. గొట్టం వచ్చినంత మాత్రాన రోగం పోయినదని ప్రకటించడం ఎంత సులభమో, ఏమీ మారలేదని నిందించడమూ అంత సులభం. రెండు మాటలకూ పోలిక లేదు. గొట్టపు నీరు త్రాగుతూ వంటకు బోరునీరే వాడే ఇండ్లు ఉంటే, ఆ ఇండ్ల పిల్లల పండ్లు వేరుగా ఉన్నవా? మరమ్మతు లేక నీరు ఆగిన దినాలలో ఎవరు దేనిని త్రాగినారు? గొట్టపు నీరు చేరిన తరువాత పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే ముందుపండ్లు వస్తున్నవి. వారి పండ్లను వారి అన్నల, అక్కల పండ్లతో పోల్చి చూచే అవకాశం ఈ కొన్ని సంవత్సరాలకే పరిమితం. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే వంట. నీరు మాత్రం వేరు. ఇంతకంటె చక్కని పోలిక వర్గాన్ని ఏ విశ్వవిద్యాలయమూ కల్పించలేదు. దీనిని విడిచిపెట్టితే రేపు మనము చెప్పే జయమూ, అపజయమూ రెండూ కాకతాళీయాలే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు కొన్ని. గణాంకాలను, తర్కాన్ని అన్ని శాఖల విద్యార్థులకు కొన్ని గంటలైనా బోధింపవలెను; సూత్రాలను కంఠస్థం చేయించకుండ, ఈ జిల్లాల ఉదాహరణలతో బోధింపవలెను. ప్రతి సంవత్సరం జరిగే జాతీయ సేవా పథకం శిబిరంలో రోడ్లు ఊడ్చి, చెట్లు నాటడంతోపాటు, ఒక గ్రామపు నీటి పట్టికను తయారు చేయించవలెను: ఏ ఇల్లు ఏ నీరు, ఎప్పటినుండి, ఏ పనికి వాడుతున్నదో. దంతవైద్యుల సహాయంతో, తల్లిదండ్రుల అనుమతితో, పిల్లల పండ్లను పరీక్షింపవచ్చును. పండ్లను చూచే వైద్యునికి ఆ బిడ్డ ఏ నీరు త్రాగినాడో ముందుగా చెప్పరాదు. చెబితే కన్ను కూడా పక్షపాతం వహిస్తుంది. ఏ బిడ్డ పేరూ, చిత్రమూ బయటకు రారాదు. ఫలితాలను ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి, మొదట ఆ గ్రామంలోనే చదివి వినిపించవలెను. ఉన్నత వైద్యవిద్యను ఉర్దూలో బోధించి చూపిన ఉస్మానియా సంప్రదాయం ఉన్న ఈ గడ్డమీద, శాస్త్రం ప్రజల భాషలో పలకడం క్రొత్త విషయం కాదు.

విద్యార్థులకు ఒక మాట. మీ ఊరిలో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు నలుగురు చేరి నాలుగు కారణాలు చెబుతారు. ఒకరు దిష్టి అంటారు, ఒకరు నీరంటారు, ఒకరు ఎరువులంటారు, మరొకరు తలవ్రాత అంటారు. వారిని ఎగతాళి చేయకండి. "ఇదే దిష్టి తగిలి, ఇదే నీరు త్రాగి, ఇదే ఎరువు చల్లి ఆరోగ్యంగా ఉన్నవారు ఎందరు?" అని మాత్రం మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడిగిన దినాన మీరు ఒక పెద్ద శాస్త్రంలో అడుగుపెట్టినవారవుతారు. దానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. కావలసినది వినే ఓర్పు, లెక్కించే నిజాయితీ.

రోగి మన కరుణకు పాత్రుడు. అతని పొరుగున నిటారుగా నిలుచున్నవాడు మన విచారణకు సాక్షి. అతనిని పిలిచి, కూర్చుండబెట్టి, సావధానంగా వినవలసిన బాధ్యత ఈ జిల్లాల చదువుకొన్న యువతరంపై ఉన్నది. ఆ పని రోగి కొరకే చేస్తున్నాము.